గర్భసంచి గురించి రాస్తే ఇంత గొడవా!

పోయిన నెల గర్భాశయ ముఖద్వార (గర్భసంచి కింది మూతి) క్యాన్సర్ పరీక్ష గురించి రాస్తూ, ఒకచోట ‘స్త్రీలు’ అనకుండా ‘గర్భాశయ ముఖద్వారం ఉన్న ప్రతి ఒక్కరూ’ అన్నాను. ఆ ఒక్క మాట మీద వచ్చినన్ని ఉత్తరాలు అసలు పరీక్ష మీద రాలేదు. కొన్ని తిట్లు, కొన్ని మెచ్చుకోళ్లు, మిగతావి నిజంగా అడగాల్సిన ప్రశ్నలు. అందుకని ఈసారి నడుము నొప్పులు, నిద్ర పట్టకపోవడాలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. పొడుగు ఉత్తరాలను కత్తిరించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడం, మీ కాలమ్ ఎప్పట్నుంచో చదువుతున్నాను కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను. ‘స్త్రీ’ అని రాయడానికి మీకేం అడ్డొచ్చింది? నేను ఇద్దర్ని కన్నాను, చిన్నదానికి ఇంకా పాలిస్తున్నాను. నన్ను పట్టుకుని ‘ఫలానా అవయవం ఉన్న మనిషి’ అంటే స్పేర్ పార్టుల లిస్టు చదివినట్టుంది. ఇన్నాళ్లూ మా ఆరోగ్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు పట్టించుకుంటూ మా పేరే తీసేస్తారా?

జవాబు: మీ కోపంలో సగానికి పైగా న్యాయముంది, ముందే ఒప్పేసుకుంటున్నా. ఇలా దెబ్బతిన్నవాళ్లలో నేను మొదటిదాన్ని కూడా కాదు. 2021 సెప్టెంబరులో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రిక తన అట్ట మీద, ‘యోని ఉన్న దేహాల’ శరీర నిర్మాణాన్ని చరిత్రలో పట్టించుకోలేదు అనే అర్థం వచ్చే వాక్యం వేసింది. చెప్పిన విషయం నూటికి నూరుపాళ్లు నిజం. కానీ స్త్రీలను పట్టించుకోలేదని చెప్పే వాక్యంలోనే స్త్రీ అనే మాట లేకపోతే మండదా మరి? గొడవ పెద్దదై చివరికి సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ నొచ్చుకున్న పాఠకులకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అయితే నేను రాసిన వాక్యానికి వేరే కారణం ఉంది. మనిషిని పిలవడానికి అవయవం పేరు వాడితే అది అవమానమే. పరీక్ష ఎవరికి అవసరమో చెప్పేటప్పుడు మాత్రం అవయవం పేరు చెప్పక తప్పదు. ‘స్త్రీలందరూ ఈ పరీక్ష చేయించుకోవాలి’ అని రాస్తే, ఆపరేషన్‌లో గర్భసంచి, ముఖద్వారం మొత్తం తీయించుకున్నావిడ కూడా లైన్లో నిలబడుతుంది. పుట్టుకతోనే గర్భాశయం ఏర్పడనివాళ్లూ ఉంటారు, దాదాపు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి అలా జరుగుతుంది. ఆ పిల్ల ‘స్త్రీలందరూ’ అన్న దగ్గర ఆగిపోయి ఏమనుకుంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంకోవైపు, ట్రాన్స్ పురుషుడికి (పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాడిగా బతికే మనిషికి) ముఖద్వారం ఉంటే, ‘ఇది నాకు కాదులే’ అనుకుని కాగితం పక్కన పడేస్తాడు.

ఇక నా తప్పు. నేను రాయాల్సింది ‘స్త్రీలు, అలాగే గర్భాశయ ముఖద్వారం ఉన్న ఇతరులు’ అని. ఉన్న మాట తీసేయకుండా పక్కన ఇంకో మాట చేర్చాలి, అంతే. 2021లోనే ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఆసుపత్రుల ప్రసూతి విభాగం చేసింది కూడా ఇదే. ‘తల్లులు’ అన్నచోట ‘తల్లులు లేదా ప్రసవించే తల్లిదండ్రులు’ అనండి అని సిబ్బందికి చెప్పింది. పేపర్లు మాత్రం ‘తల్లి అనే మాట నిషేధం’ అన్నంత హడావుడి చేశాయి. తీరా చూస్తే ఆ కాగితంలో తల్లి అనే మాట అలాగే ఉంది.

ఒక పాత ముచ్చట చెప్తాను. నేను ఆరోగ్య కరపత్రాలు దిద్దడం మొదలుపెట్టిన కొత్తలో ఇదే పరీక్ష గురించి ‘గర్భాశయ గ్రీవ క్యాన్సర్’ అని గంభీరంగా రాశాను. ఒకావిడ కాగితం చేతిలో పట్టుకుని రెండుసార్లు చదివి, మెడ తడుముకుంటూ, “గ్రీవం అంటే మెడే కదమ్మా, గొంతుకి ఏదన్నా వస్తుందా?” అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. అందులో ‘స్త్రీలు’ అని పెద్దక్షరాలతోనే ఉంది, అయినా ఆమెకు ఏమీ అందలేదు. అవయవం పేరు మాత్రమే రాసినా ఇదే ప్రమాదం, ముఖద్వారం అంటే ఏమిటో తెలియనివాళ్లు బోలెడుమంది. అందుకే ఇప్పుడు ‘గర్భసంచి కింది భాగం, యోనిలోకి తెరుచుకునే మూతి’ అని విడమరిచి, పక్కన చిన్న బొమ్మ కూడా వేయిస్తాను.

ప్రశ్న: నేను ఆరోగ్య కార్యకర్తని. ఓ ఇంగ్లిష్ కరపత్రాన్ని తెలుగు చేయమని ఇచ్చారు. అందులో ‘బర్తింగ్ పేరెంట్’, ‘ప్రెగ్నెంట్ పీపుల్’, ‘చెస్ట్‌ఫీడింగ్’ ఉన్నాయి. ‘ప్రసవ జనకులు’, ‘గర్భధారక వ్యక్తులు’, ‘ఛాతీ పాలు’ అని రాస్తే ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వారు. ఏం రాయమంటారు?

జవాబు: వాళ్లని ఏమీ అనకండి, నేనూ నవ్వాను. జనకుడంటే తండ్రి. పాపం పురిటినొప్పులు తీసుకెళ్లి ఆయనకు అంటగట్టారు. ‘గర్భధారక వ్యక్తి’ అయితే ఏదో యంత్రం విడిభాగం పేరులా ఉంది.

ఇంగ్లిష్‌వాళ్ల ఇబ్బంది ఇంగ్లిష్‌వాళ్లది, మన భాషలో చిక్కుముడి వేరే చోట ఉంది. ఏకవచనంలో తెలుగు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని రెండుగా చీలుతుంది, అందులో ఆ ‘వచ్చింది’ అనేదాంట్లో అమ్మాయినీ పిల్లినీ బస్సునీ ఒకే గాటన కట్టేస్తుంది (దీని మీద ఎప్పుడైనా తీరిగ్గా పోట్లాడాలి). కానీ ‘వచ్చారు’ అనగానే ఆ చీలిక మాయం. ఆడా మగా ఇద్దరూ కానివాళ్లూ అందరూ అందులో సర్దుకుంటారు, పైగా మర్యాద. ‘మీరు’ అన్నా అంతే. వాళ్లు ‘హీ’, ‘షీ’ అంటూ తంటాలు పడుతుంటే మనకు ‘మీరు’, ‘వారు’ ఊరికే దొరికాయి, వాడుకోరేం?

మీరు పంపిన పాత కరపత్రంలో ‘గర్భిణీ స్త్రీ ఐరన్ మాత్రలను క్రమం తప్పక సేవించవలెను’ అని ఉంది. దాన్ని ‘మీరు గర్భంతో ఉన్నారా? ఐరన్ మాత్ర రోజూ మానకుండా వేసుకోండి’ అని మార్చి చదవండి. ఎవరి పేరూ తీసేయలేదు, కొత్త మాట ఒక్కటీ పుట్టించలేదు, మాత్ర ఎవరు వేసుకోవాలో తెలిసిపోయింది. ‘ఆమె చివరి బహిష్టు తేదీ’ అనే గడి బదులు ‘చివరి నెలసరి ఏ రోజు మొదలైంది?’ అంటే చాలు. ‘భర్త పేరు’ అనే గడి ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు, ‘మీతో వచ్చినవారి పేరు, ఫోన్ నంబరు’ అంటే అవసరానికి పనికొస్తుంది.

పాల సంగతి. ‘తల్లిపాలు’ అందరికీ తెలిసిన మాట, దాన్ని ముట్టుకోకండి. అయితే మనకు ‘చనుబాలు’ అనే పాత మాట ఒకటి ఉంది, పాలు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతుందే గానీ ఎవరివో చెప్పదు. రెండూ కలిపి వాడుకోవచ్చు. ఇంగ్లిష్‌లో ‘చెస్ట్‌ఫీడింగ్’ అనే మాట ఎందుకొచ్చిందంటే, బిడ్డను కన్న కొందరు ట్రాన్స్ పురుషులకు ‘బ్రెస్ట్’ అనే మాట వింటేనే ఇబ్బందిగా ఉంటుంది. తెలుగులో ‘పాలివ్వడం’ అనే మాటలో అవయవం ఊసే లేదు కదా, ఇక మనం ఛాతీని ఎందుకు లాక్కురావాలి? “బిడ్డకు మీ పాలా, డబ్బా పాలా?” అని అడిగితే సరిపోతుంది.

ఇక జాగ్రత్తలు. అందరినీ కలుపుకోవాలనే ఉత్సాహంలో అర్థం పోగొట్టకండి. నా దగ్గరికి దిద్దడానికొచ్చిన ఒక కాగితంలో మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మందు గురించి ‘తల్లిదండ్రులు కాబోయేవారు వాడరాదు’ అని ఉంది. అసలు ఉద్దేశం ‘గర్భవతులు వాడరాదు’ అని, ఆ మందు కడుపులో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది కాబట్టి. ఎవరో మంచి మనసుతో గర్భవతిని చెరిపి తల్లిదండ్రుల్ని పెట్టారు. ఇప్పుడు కాబోయే తండ్రి తన మాత్ర ఆపేసి టెన్షన్ పడాలి, ఇంకా పిల్లల ఆలోచనే లేకుండా అనుకోకుండా నెల తప్పిన అమ్మాయి మాత్రం తనకు కాదనుకుని వేసుకుంటూ పోతుంది. ‘గర్భంతో ఉన్నవారు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు వాడకూడదు’ అని రాస్తే గొడవ లేదు. అలాగే ఏదైనా పరిశోధన స్త్రీల మీదే జరిగితే ‘స్త్రీలు’ అనే రాయండి, అక్కడ ‘వ్యక్తులు’ అనడం అబద్ధమవుతుంది. 2023లో గర్భం, ప్రసవం కారణాలతో ప్రపంచంలో దాదాపు 2,60,000 మంది స్త్రీలు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ వాక్యంలో నేనైతే ‘స్త్రీలు’ అనే మాట మీద చెయ్యి వేయను.

ప్రశ్న: నేను ట్రాన్స్ పురుషుణ్ని. మూడేళ్లుగా టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తీసుకుంటున్నాను, గడ్డం కూడా వచ్చింది. నెలసరి ఆగి రెండేళ్లు దాటింది. పొత్తికడుపులో నొప్పి అని స్కానింగ్‌కి వెళ్తే, కౌంటర్లో చీటీ చూసి “పేషెంట్ ఏరండీ, ఆవిడని పిలవండి” అన్నారు. పేషెంట్ నేనే అంటే హాలు మొత్తం నా వైపు తిరిగింది. స్కానింగ్ చేయించుకోకుండానే వచ్చేశాను. మీ వాక్యం చదివాక మళ్లీ వెళ్లాలనిపించింది. వెళ్లాలా?

జవాబు: వెళ్లండి. ఈ కాలమ్ చదవడం ఆపేసి ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా వైద్యులు రాసిన ఒక ఉదంతం ఉంది. 32 ఏళ్ల మనిషి కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చాడు. తాను ట్రాన్స్ పురుషుణ్నని, పొద్దున ఇంట్లో చేసుకున్న గర్భ పరీక్ష పాజిటివ్ వచ్చిందని నర్సుకు చెప్పాడు కూడా. కానీ రికార్డులో ‘పురుషుడు’ అని ఉంది, బీపీ ఎక్కువగా ఉంది, లావుగా ఉన్నాడు, బీపీ మందులు ఆపేశాడు. అంత అర్జెంటు కాదులే అని కూర్చోబెట్టారు. కొన్ని గంటల తర్వాత డాక్టరు చూసేసరికి నెలలు బాగా నిండిన గర్భం, బొడ్డుతాడు బయటికి జారింది. ఆపరేషన్ థియేటర్‌కి పరిగెత్తారు గానీ బిడ్డ దక్కలేదు. ఆ నర్సుకు ద్వేషమేమీ లేదు. ‘మగ, కడుపునొప్పి’ అనే గడిలో వేశాక అందులో కాన్పు నొప్పులు పట్టవు, అంతే. పొత్తికడుపు నొప్పితో వచ్చింది ఒక స్త్రీ అని రికార్డులో ఉంటే మొదటి ప్రశ్నే ‘గర్భమా?’ అని పడేది.

మీకు ప్రత్యేకంగా తెలియాల్సినవి చెప్తాను. టెస్టోస్టెరాన్‌తో నెలసరి ఆగినా అది గర్భనిరోధకం కాదు, అండం విడుదలయ్యే అవకాశం ఉంటుంది. గర్భం వచ్చే వీలున్న సంబంధం ఉంటే కండోమో, కాపర్ టీనో, మీకు కుదిరే ఇంకేదైనా పద్ధతో వాడాలి, గర్భంతో ఉన్నప్పుడు ఆ హార్మోన్ వాడకూడదు. ముఖద్వారం ఉన్నంతకాలం దాని పరీక్ష మీకూ కావాలి. హార్మోన్ వల్ల అక్కడి పొర పల్చబడి నొప్పిగా ఉండొచ్చు, పాప్ స్మియర్ (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష) శాంపిల్ సరిగా రాక రెండోసారి పిలవొచ్చు. మీకు మీరే శాంపిల్ తీసుకునే హెచ్‌పీవీ (ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. దొరుకుతుందేమో అడగండి, హాల్లో ఆ చూపులు చాలావరకు తప్పుతాయి.

కౌంటర్ దగ్గరికి ఒక చీటీ రాసుకెళ్లండి: ‘నేను ట్రాన్స్ పురుషుణ్ని. నాకు గర్భసంచి, అండాశయాలు ఉన్నాయి. టెస్టోస్టెరాన్ వాడుతున్నాను. దయచేసి ఈ పేరుతోనే పిలవండి.’ నోటితో చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు. నిజానికి ఈ చీటీ రాసే బాధ మీకు ఉండకూడదు. ఫారంలోనే ఏ అవయవాలు ఉన్నాయి, ఏవి తీసేశారు, ఏ హార్మోన్లు వాడుతున్నారు అని అడిగే గడులుంటే మీకే కాదు, వచ్చే ప్రతి పేషెంటుకీ మేలు. ఇది చదివే రిసెప్షన్ వాళ్లకు ఒక మాట: ‘ఆవిడ’, ‘ఆయన’ ఎందుకండీ, టోకెన్ నంబరు పిలవండి.

ప్రశ్న: నా సమస్య మీ గొడవకు దూరమేమో, అయినా రాస్తున్నా. పిల్లల కోసం రెండేళ్లుగా తిరుగుతున్నాం. వీర్యకణాల కౌంట్ తక్కువ ఉన్నది నాకు. కానీ ఫైలు మీద పేరు నా భార్యది, బ్రోచర్ మీద బొమ్మ ఆడమనిషిది, ‘మీ ఆవిడని తీసుకురండి’ అంటారు తప్ప నాతో ఎవరూ మాట్లాడరు. బంధువులు తనని గొడ్రాలంటుంటే నేను నోరు విప్పలేకపోతున్నాను.

జవాబు: దూరం కాదు సర్, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీదే. మాటల్లోంచి మనిషిని తప్పించడమంటే ట్రాన్స్ వాళ్లనే అనుకుంటాం, పిల్లల విషయంలో మగవాణ్ని ఎప్పుడో తప్పించేశాం.

బళ్లో రుగాగమ సంధి చదివారా? పేద, ఆలు కలిస్తే పేదరాలు. అదే సూత్రం కింద ఇంకో రెండు మాటలుంటాయి, బాలెంతరాలు, గొడ్డురాలు. కన్నా ఆవిడే, కనకపోయినా ఆవిడే. ఆ గొడ్డురాలే మన నోట్లో గొడ్రాలైంది. మగవాడికి సరిజోడు తిట్టు వాడుకలో లేదు, లేదని బాధ కూడా లేదు, తిట్లలో సమానత్వం ఎవరిక్కావాలి! కానీ మాట లేకపోవడంతో ‘లోపం మగవాడిలోనూ ఉండొచ్చు’ అనే ఊహే జనానికి తట్టదు. తట్టినా వెంటనే నపుంసకత్వం అనేస్తారు. అది వేరు, కౌంట్ తక్కువ కావడం వేరు. దాంపత్యం మామూలుగా ఉన్న మనిషికి కూడా కౌంట్ తక్కువ ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. అలాంటి జంటల్లో దాదాపు సగం చోట్ల కారణం పూర్తిగానో కొంతగానో మగవాడి వైపు ఉంటుంది. పైగా వీర్య పరీక్ష ఎంత తేలిక! రెండు నుంచి ఏడు రోజులు ఆగి ఒక శాంపిల్ ఇస్తే చాలు. ఆడవాళ్లకు చేసే స్కానింగులు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే నొప్పి పరీక్షలతో పోలిస్తే అది ఒక లెక్కా? అయినా చాలాచోట్ల అదే చివర్లో అడుగుతారు. ఒక రిపోర్టుతో తేల్చేయకండి, కొన్ని వారాల తేడాతో రెండోది చేయించండి. వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది కాబట్టి మందు మార్చినా, సిగరెట్ మానేసినా ఫలితం మూడు నెలలకు గానీ రిపోర్టులో కనబడదు.

క్లినిక్‌లో ఫైలు ఇద్దరి పేర్ల మీద తెరవమనండి. డాక్టర్‌తో ‘నా రిపోర్టు నాకు వివరించండి’ అనండి. ఇక బంధువుల సంగతి. ఈసారి ఆ మాట ఎవరన్నా అంటే ‘సమస్య నా వైపు ఉంది, ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నా’ అని మీరే అనండి. కష్టమే, తెలుసు. కానీ మీరు రాసినదాన్ని బట్టి రెండేళ్లుగా ఆ కష్టం ఆవిడ ఒక్కతే పడుతోంది.

ప్రశ్న: చట్టంలో ‘స్త్రీ’ అనే ఉన్నప్పుడు మీరెవరు మార్చడానికి?

జవాబు: నేను ఎవర్నీ కాను. కానీ 2022 సెప్టెంబరు 29న అబార్షన్ మీద ఇచ్చిన తీర్పులో మన సుప్రీంకోర్టు, ఈ తీర్పులో ‘స్త్రీ’ అంటే సురక్షితమైన అబార్షన్ అవసరమయ్యే ఇతరులు కూడా వస్తారని ముందే చెప్పి మొదలుపెట్టింది. స్త్రీ అనే మాట తీసేయలేదు, గమనించండి.

ప్రశ్న: హెచ్‌పీవీ టీకా కాగితం మీద ‘బాలికల కోసం’ అని ఉంది. మా అబ్బాయికి పన్నెండేళ్లు. వేయించొచ్చా?

జవాబు: వేయించొచ్చు. ఆ వైరస్ మగవాళ్లలో గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లకు కారణమవుతుంది, వాళ్ల ద్వారా ఇతరులకూ పాకుతుంది. ఆస్ట్రేలియా 2013 నుంచే మగపిల్లలకూ ఇస్తోంది. ముందు ఆడపిల్లలకు ఇవ్వమనడానికి కారణం ముఖద్వార క్యాన్సర్ భారం ఎక్కువ కావడం, అబ్బాయిలకు పనిచేయదని కాదు. మీ పిల్లల డాక్టర్ని డోసుల సంగతి అడగండి.

ప్రశ్న: మా అత్తగారికి 58 ఏళ్లు. గర్భసంచి తీసేసి పదేళ్లయింది. మీరు రాసింది చదివి “నాకు ముఖద్వారం ఉన్నట్టా, లేనట్టా?” అని అడుగుతున్నారు. మాకూ తెలియదు.

జవాబు: ఎంత మంచి ప్రశ్న వేశారో ఆవిడ! గర్భసంచి తీసేటప్పుడు కొందరికి ముఖద్వారంతో సహా తీస్తారు, కొందరికి కింది మూతి ఉంచేస్తారు. ఆపరేషన్ అప్పటి డిశ్చార్జి కాగితం వెతకండి. ‘టోటల్’ అని ఉంటే ముఖద్వారం కూడా తీసినట్టే. అప్పుడు ఆపరేషన్ గడ్డల కోసమో, రక్తస్రావం కోసమో అయి ఉండి, అంతకుముందు క్యాన్సర్ మార్పులేవీ బయటపడకపోతే ఈ పరీక్ష సాధారణంగా అక్కర్లేదు. ‘సబ్‌టోటల్’ అని ఉంటే మూతి మిగిలి ఉన్నట్టు, ఆవిడకు పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి. కాగితం దొరక్కపోతే గైనకాలజిస్టు ఒక్కసారి పరీక్ష చేసి చెప్పేస్తారు. అన్నట్టు, టోటల్ అన్నా సబ్‌టోటల్ అన్నా అండాశయాల గురించి అందులో ఏమీ ఉండదు, అవి తీశారో లేదో అదే కాగితంలో విడిగా రాసి ఉంటుంది, పనిలో పనిగా అదీ చూడండి.